మ్వెంబేని నామరక్షణము

స్వస్తి! హిందూమహాసముద్ర తరంగశీకరములచే సదా చెమ్మగిల్లు టాంగా పట్టణమున, ప్రచండ మార్తాండుడు నడినెత్తి కెక్కి బట్టతలలను నిర్దాక్షిణ్యముగా వేచు జనవరి మధ్యాహ్నవేళ, మ్వెంబేని కూడలియందు ఘోరసంగ్రామము సంభవించెను. మ్వెంబేని యనగా అచటి స్వాహిలీ భాషలో మామిడిచెట్టు దగ్గర. చెట్టు కూలి ముప్పదియేండ్లయినది. పేరు మాత్రము కూలలేదు.

అచట నలుబదియేండ్లుగా కొబ్బరిపాల పొంగణములు వేయుచున్న పెనప్రతాపశాలిని, సలసల క్రాగు తైలమునకు జంకని ధీర బీ తతూ. ఆమె యెదుట కుంచెధారియై, వార్డు కచేరీ యుత్తరువే కవచముగా గుమస్తా సదాలా నిలిచెను. వెలిసిన పాత ఫలకమును చెరిపి ‘పదునేడవ వీధి’ యని వ్రాయుట వాని పంతము. బండ్లవారు “మ్వెంబేని! మ్వెంబేని!” యని కేకవేయుట మానినచో తన పెనమువద్ద దిగువా రెవరని ఆ వృద్ధవీరనారి బెంగ.

“ఇది పేరే కాదవ్వా! మామిడిచెట్లు ఊరినిండా ఉన్నాయి. సొంత పేరైతేనే బోర్డు మీద రాయమన్నారు. ఇంతకీ ఆ చెట్టేదీ?”

“చెట్టున్నన్నాళ్లూ అది వట్టి చెట్టే నాయనా. పోయాకే ఈ చోటికి పేరయింది. మీ తాత పోయాడని నీ పేరు చివర ఆయన పేరు కొట్టేశావా?”

“అవన్నీ కచేరీకొచ్చి చెప్పుకో!”

అని వాడు కుంచెను తెల్లరంగున ముంచెను. పొంగణములు త్రిప్పు నినుపపుల్లను గదాదండమువలె నెత్తి, ముసలిది ఫలకమున కడ్డముగా నిలిచెను. బేరగాండ్రు నమలుట మానిరి. అంతలో గుమస్తా జేబులో ఫోను మ్రోగెను.

“ఎక్కడ చచ్చావయ్యా?” అని పై అధికారి గర్జన కూడలి యంతయు వినబడెను.

“ఇక్కడే సార్, మ్వెంబేనిలో!”

“మ్వెంబేనిలోనా? కదలకు, అక్కడికే వస్తున్నా. బీ తతూ దగ్గర నాకో పది కట్టించు.”

సదాలా నాలుక కరచుకొనెను. ఆలస్యమైపోయినది. జనము విరగబడి నవ్విరి.

“కట్టమంటావా నాయనా? వీటికి సొంత పేర్లు లేవు మరి!” అనెను బీ తతూ.

వాడు తెల్లరంగు మూసి నల్లరంగు తెరచి, వెలిసిన అక్షరములనే దిద్దెను. ‘పదునేడవ వీధి’ యను వ్రాత చీమలబారువలె అడుగున నొదిగినది. ఇట్లు ఆ మహాసమరమున శత్రువు లోబడెను, మూడక్షరములు నిలిచెను, ఒక్క పొంగణము మాత్రము మాడెను.