తడిచేతుల అభిప్రాయాలు

ఆదివారం పొద్దున్నే పేపరు తిరగేస్తున్న భూతద్దం ఒక ప్రకటన దగ్గర ఆగిపోయాడు.

భూతద్దం ఆయన అసలు పేరు కాదు. బ్యాంకులో ఇరవై రెండేళ్ళుగా సంతకాలు సరిపోల్చే బల్ల దగ్గర కూర్చుంటున్నందుకు తోటివాళ్ళు పెట్టిన పేరు. సంతకం తోక నూలుపోగంత పొట్టిదైతే చాలు, ఎదురుగా నిలబడ్డ మనిషిని "ఇది మీరేనా?" అని అడుగుతాడు. ఒకసారి తన చెక్కునే సంతకం సరిపోలలేదని వెనక్కి పంపేసుకున్న ఘనుడు. ఆ గుణం సాయంత్రం బ్యాంకుతోపాటు మూతపడితే బాగుండేది గాని, ఇంటిదాకా వెంట వచ్చేది. పాలు పల్చగా ఉంటే ఏం కలిపారంటాడు. చిక్కగా ఉంటే, ఇంత చిక్కగా ఉండటానికి ఏం కలిపారంటాడు.

ఊరి చివర రెండు నెలల కిందట తెరిచిన సంగీత వినోదాల పార్కు తాలూకు ప్రకటన అది. కింద "మా సందర్శకుల మాటల్లో" అని ఏడు అభిప్రాయాలు అచ్చువేశారు.

"ఇదిగో, విన్నావా?" అన్నాడు భార్యతో. "ఏడుగురు రాశారు. ఏడుగురికీ బాగుందట. ఏడుగురికీ ప్రాణం లేచొచ్చిందట. అదే మాట, అక్షరం పొల్లుపోకుండా! ఏడుగురు మనుషులు ఒక్క మాట మీద నిలబడ్డం ఎక్కడైనా చూశావా? మనింట్లో ఉన్నది నలుగురం. ఫ్యాను ఏ స్పీడులో పెట్టాలో ఇంతవరకూ తేలలేదు."

"నిజంగానే బాగుందేమోనండీ," అంది భార్య టీ వంచుతూ.

"అదీ చూద్దాం. తయారవండి, ఇవాళే వెళుతున్నాం. దీని గుట్టేమిటో తేల్చేస్తాను."

భార్య చెయ్యి బిగుసుకుపోయింది. టీ మాత్రం ఆగలేదు. కప్పు నిండి, సాసరు నిండి, బల్లమీద ప్రయాణం మొదలుపెట్టింది. జడ అల్లుకుంటున్న పదకొండేళ్ళ కూతురు అల్లిక మధ్యలో వదిలేసి తల్లి మొహంలోకి చూసింది.

పార్కు తెరిచిన వారంలోనే తల్లీకూతుళ్ళిద్దరూ వెళదామని అడిగారు. "కొత్త పార్కు. బోల్టులు బిగిశాయో లేదో ఎవరికి తెలుసు? ఆరు నెలలు ఊరివాళ్ళను ఎక్కి చూడనివ్వండి. అందరూ దిగివస్తే అప్పుడు ఆలోచిద్దాం," అన్నాడాయన. ఆ తరువాత వాళ్ళు మళ్ళీ ఆ ఊసెత్తలేదు. తన మాటలోని న్యాయం వాళ్ళ తలకెక్కిందని ఆయన లోలోపల సంతోషించాడు కూడా.

"ఎండగా ఉంటుందేమోనండీ," అంది భార్య.

"మబ్బు పట్టింది."

"అయితే వానొస్తుందేమో."

"నాకు హోంవర్కుంది నాన్నా," అంది కూతురు. ఆదివారం పొద్దున్న హోంవర్కు దానంతటది గుర్తొచ్చిన పిల్లను ఆయన పుట్టి బుద్ధెరిగాక చూడలేదు.

"అమ్మ కూడా లేదు కదా," అంది భార్య ఆఖరి ప్రయత్నంగా. "మోకాళ్ళ వ్యాయామానికి వెళ్ళింది."

అత్తగారు వాళ్ళతోనే ఉంటుంది. రెండు నెలలుగా రోజు మార్చి రోజు, ఆదివారాలు వదలకుండా, మోకాళ్ళ వ్యాయామమంటూ పొద్దున్నే బస్సెక్కుతోంది. "ఆవిడ వచ్చేలోగా మనం తిరిగొచ్చేద్దాం," అని భూతద్దం చెప్పులేసుకున్నాడు.

పార్కు గేటు రెండు పెద్ద ట్రంపెట్లు మూతులు ఆనించుకున్నట్టు ఉంది. టిక్కెట్లు చించే ఆవిడ పిల్లను చూడగానే మొహం చేటంత చేసుకుంది. "ఇవాళ ఇంత ఆలస్యమైందేం పాపా?" అంది. అంతలో పిల్ల తల్లి కళ్ళు చూసి, "అంటే... ఇవాళ అందరూ ఆలస్యంగానే వస్తున్నారు," అని చేతిలో ఉన్న టిక్కెట్లను ఒకటికి రెండుసార్లు చించింది.

భూతద్దం భార్యను పక్కకు లాగాడు. "చూశావా? ఎప్పట్నుంచో ఎరిగినట్టు పలకరిస్తారు. మనం పొంగిపోయి మళ్ళీ మళ్ళీ రావాలని. వీళ్ళకు శిక్షణ ఇచ్చి మరీ నిలబెడతారు."

"ఎంత మోసమండీ," అంది భార్య.

పది అడుగులు వేశారో లేదో, గ్రామఫోను రికార్డులా ఉన్న రంగులరాట్నం తిప్పే మనిషి పిల్లకు చెయ్యూపాడు. ఐస్‌క్రీమ్ బండివాడు అడక్కుండానే పిస్తా తీసి పట్టుకున్నాడు. పిల్లకు పిస్తా అంటే ప్రాణం. "కళ్ళు చూసి పసిగడుతున్నారు!" అన్నాడు భూతద్దం. ఆ నేర్పుకు కాస్త ముచ్చట కూడా పడ్డాడు.

పియానో మెట్ల దగ్గర వ్యవహారం ముదిరింది. నల్లవీ తెల్లవీ ముప్పై మెట్లు. ఒక్కోదానిమీద కాలు పెడితే ఒక్కో స్వరం పలుకుతుంది. తండ్రి పక్కన ఉన్నాడన్న సంగతి పిల్ల ఒక్క నిమిషం మరిచిపోయింది. చెప్పులు విడిచి, రెండు మెట్లెక్కి ఒకటి దిగి, అటు దూకి ఇటు తిరిగి, కిందికి చూడకుండా ఒక పాట మొత్తం కాళ్ళతో వాయించేసింది. "ఇవాళ ఒక్క తప్పు కూడా రాలేదు!" అని మెట్ల కాపలావాడు చప్పట్లు కొట్టాడు.

"ఎక్కడ నేర్చుకున్నావే?" అన్నాడు భూతద్దం.

"ఊరికే... కాళ్ళు వాటంతటవే వెళ్ళాయి నాన్నా."

"కాళ్ళు కాదు, మెట్లు వాటంతటవే పాడుతున్నాయి. లోపల రికార్డు పెట్టారు. ఎవరు గెంతినా అదే పాట వస్తుంది. ఉండు, నేను తేలుస్తాను."

ఆయన మెట్లెక్కాడు. మొదటి మెట్టు దూడలా అరిచింది. రెండోది తలుపు కిర్రుమన్నట్టు మూలిగింది. మోసం పట్టుకుందామని కాలు పెట్టబోయి పెట్టకుండా ఆపి, ఒంటికాలి మీద కొంగలా నిలబడి చెవి ఒగ్గాడు. మెట్లేమీ అనలేదు. వెనక వరుసలో నిలబడ్డ పిల్లలు మాత్రం చాలా అన్నారు. ఆయన దిగేదాకా ఆ ముప్పై మెట్లలో పాటన్నది ఒక్క ముక్క కూడా వినబడలేదు.

అక్కడినుంచి నీళ్ళ గొట్టాల దగ్గరికి వెళ్ళారు. పెద్ద పెద్ద ఇత్తడి గొట్టాలు ఒక్కొక్కటే పలుకుతుంటే, పలికిన గొట్టంలోంచి నీళ్ళు ఎగజిమ్ముతాయి. జనం ఆ గొట్టాల కిందుగా నడిచి, నిలువునా తడిసి, కేరింతలు కొడుతూ అవతల తేలతారు. "ఏం నీళ్ళో ఏమో," అని తల్లీకూతుళ్ళను గొట్టాల కిందికి వదిలి, భూతద్దం పక్కదారిన వెళ్ళాడు. అక్కడ, రేకుల పందిరి కింద, ఒక బల్ల. బల్లమీద గొలుసుతో కట్టిన లావుపాటి పుస్తకం. "మీ అభిప్రాయం రాయండి" అని బోర్డు. కుర్చీలో ఎవరూ లేరు.

ఆయన కూర్చుని పుస్తకం తెరిచాడు. మొదటి పేజీ చదివాడు. పదో పేజీ తిప్పాడు. నలభయ్యో పేజీ తిప్పేసరికి ఒళ్ళంతా గగుర్పొడిచింది. ప్రతి తలకట్టూ కాస్త కుడివైపు వాలి ఉంది. ప్రతి 'ళ' చివరా ఒకటే కొక్కెం. రాసినవాళ్ళు వందలమంది. ఒకరు దర్జీ, ఒకరు నర్సు, ఒకరు లారీ డ్రైవరు, ఒకరు రెండో తరగతి. చేతిరాత మాత్రం ఒక్కటే! ఇరవై రెండేళ్ళలో ఇంత పెద్ద దొంగసంతకం ఆయన చేతికి చిక్కలేదు.

"ఇటు రా! చూడు!" అని కేకేశాడు.

భార్య వచ్చి పేజీలోకి వంగి చూసింది. చూసి, పక్కనున్న తడి బెంచీ మీద చతికిలబడింది. పాపం, మోసం చూసి తట్టుకోలేకపోయింది అనుకున్నాడు భూతద్దం.

"మేనేజర్ని పిలవండి!" అని అరిచాడు. స్వరాల గుర్తులున్న టై కట్టుకుని పార్కు మేనేజరు పరుగున వచ్చాడు. అతని వెనక, ఏం జరిగిందో చూద్దామని, నీళ్ళోడుతూ పాతికమంది వచ్చారు.

"ఇవన్నీ ఒక్కరి రాత. అవునా, కాదా?"

"అవునండీ," అన్నాడు మేనేజరు తేలిగ్గా. "ఒక పెద్దావిడ రాస్తారు."

తీగ లాగకముందే డొంక నడిచి వచ్చేసరికి భూతద్దానికి ఊపిరాడలేదు. "ఒప్పుకున్నాడు! అందరూ విన్నారు కదా? అభిప్రాయాలు రాయించడానికి మనిషినే పెట్టుకున్నారు!"

"మేం పెట్టుకోలేదండీ, ఆవిడే..."

"మీరు మధ్యలో మాట్లాడకండి." ఆయన కుర్చీ ఎక్కినంత పనిచేసి, జనం వైపు తిరిగాడు. "ఎంత కల్పనో మీరే వినండి. ఇదిగో ఇక్కడ. 'ఇది మా ఆరో రాక. మా వారికి చెప్పకుండా వస్తున్నాం. ఆయన బ్యాంకులో పనిచేస్తారు. వస్తే బోల్టులు లెక్కపెడుతూ కూర్చుంటారు. ఇట్లు, ఒక ఇల్లాలు.' విన్నారా? ఇలాంటి మొగుడు భూమ్మీద ఉంటాడా? పార్కుకొచ్చి బోల్టులు లెక్కపెట్టేవాడు!"

జనం ఘొల్లుమన్నారు. "ఏమండీ, ఇంటికెళదాం," అంది భార్య సన్నగా. ఆయన వినిపించుకోలేదు. జనం నవ్వుతుంటే మనిషికి హుషారు ఆగదు.

"కింద ఇంకోటుంది చూడండి. 'మెట్లమీద పాట పూర్తిగా వచ్చేసింది. నాన్నకు చూపించాలని ఉంది. కానీ నాన్న పాట వినరు, అందులో తప్పు...'"

ఆయన వేలు ఆ వరుస మీదే ఆగింది. మెట్లు. బోల్టులు. బ్యాంకు. మిగతా ముక్క పైకి చదవలేదు. కళ్ళతో చదువుకున్నాడు. '...తప్పు వింటారు. ఇట్లు, వాళ్ళమ్మాయి.'

జనం ఇంకా నవ్వుతూనే ఉన్నారు. పిల్ల మాత్రం నవ్వడం లేదు. తడిసిన జడ చివర పట్టుకుని నేలవైపు చూస్తోంది. ఆ మొహం చూసేసరికి ఆయన కళ్ళముందు పిస్తా ఐస్‌క్రీమూ, గేటు దగ్గరి పలకరింపూ, పొద్దున బల్లమీద పారిన టీ, అన్నీ ఒకదాని వెనక ఒకటి వచ్చి వరుసలో నిలబడ్డాయి.

"కాస్త టీ తాగొచ్చేలోగా నా కుర్చీ ఎవరు లాక్కున్నారు?" అంటూ జనాన్ని తోసుకుని వచ్చింది ఒక పెద్దావిడ. వచ్చి, కుర్చీలో ఉన్నదెవరో చూసి, కొంగు సర్దుకుంది. "అల్లుడుగారూ! మీరా!"

ఊళ్ళోవాళ్ళందరి రాతా ఎరిగిన మనిషి, సొంత అత్తగారి రాత ఎన్నడూ చూసి ఉండలేదు.

"అత్తయ్యగారూ," అన్నాడు భూతద్దం. "మోకాళ్ళ వ్యాయామం?"

"ఆ మెట్లెక్కి దిగడమే నాయనా నా వ్యాయామం. అది కాగానే ఇక్కడ కూర్చుంటాను. గొట్టాల కిందనుంచి వచ్చేవాళ్ళందరికీ చేతులు తడే. పుస్తకం ముట్టుకుంటే పేజీ చిరుగుతుంది. వాళ్ళు చెబుతారు, నేను రాస్తాను."

"చెప్పింది చెప్పినట్టేనా?" ఆయనలో ఆఖరి పోగు ఇంకా తెగలేదు. "మరి అందరికీ ప్రాణం లేచొచ్చిందేం?"

అత్తగారు కాస్త తడబడింది. "అదా... అంతా 'బాగుంది' అని ఊరుకుంటారు. అంతంత దూరం నుంచి వచ్చి ఒక్క ముక్క చెప్పిపోతే చదివేవాళ్ళకేం బాగుంటుంది? ఆ చివరి మాట నేనే చేరుస్తాను."

"దొరికింది!" అని గెంతాడు భూతద్దం. "విన్నారా? కల్పనే!" అని జనం వైపు తిరిగాడు. "చేరిస్తే ఏమైందండీ, నిజమే కదా," అన్నాడొక తడిసిన మనిషి. "ముందు లేవండి, మావి రాయాలి ఆవిడ," అంది వెనక ఎవరో. మేనేజరు ఆయన మోచెయ్యి పట్టుకుని గుసగుసగా బతిమాలాడు. "ఆవిణ్ణి తీసుకెళ్ళిపోకండి సార్. బాగులేనివి కూడా ఆవిడే రాస్తారు, వేరే పుస్తకంలో. ఇప్పటికి నూట నలభై వచ్చాయి, ఒక్కోటే సరిచేస్తున్నాం. పేపరువాళ్ళకు మాత్రం మంచివే ఇచ్చాం, అది మా తప్పే."

భూతద్దానికి సగం గెలుపు దక్కింది. కానీ దాన్ని ఎవరికి చూపించాలో తెలియలేదు.

"అమ్మమ్మా," అంది పిల్ల మెల్లగా. "నువ్వు ఒక్కసారి కూడా గొట్టాల కిందికి రాలేదు. ఎప్పుడూ రాస్తూనే ఉంటావు."

అందరూ ఆ పెద్దావిడ వైపు చూశారు. తరువాత కుర్చీలో ఉన్న మనిషి వైపు చూశారు. ఆవిడ కాక పార్కుకొచ్చినవాళ్ళలో పొడి చేతులున్నది ఆయనొక్కడికే.

"వెళ్ళి రండి," అన్నాడు భూతద్దం కలం అందుకుని. "నేను రాస్తాను."

ముగ్గురూ వెళ్ళారు. ఆయన రాశాడు. కాకపోతే, "బాగుంది" అన్నవాణ్ణి "ఏం బాగుంది?" అని అడిగాడు. "అన్నీ" అన్నవాణ్ణి "అన్నీ చూశారా? రుజువేమిటి?" అని అడిగాడు. గంటలో మూడంటే మూడు అభిప్రాయాలు తయారయ్యాయి. వరుస రంగులరాట్నం దాకా పెరిగింది. ఒకాయన రెండు ప్రశ్నలకు జవాబు చెప్పి, మూడో ప్రశ్నకు తన అభిప్రాయాన్ని వెనక్కి తీసేసుకుని ఇంటికి వెళ్ళిపోయాడు.

చివరికి కూతురే వరుసలో ముందుకొచ్చింది, నిలువునా తడిసి. వెనక తల్లీ అమ్మమ్మా కొంగులు పిండుకుంటూ, ఇంకా నవ్వు ఆపుకోలేకుండా ఉన్నారు.

"చెప్పమ్మా," అన్నాడు.

"ఈసారి నాన్న కూడా వచ్చారు," అంది పిల్ల.

ఆయన రాసుకున్నాడు. కలం ఎత్తి పట్టుకుని ఎదురుచూశాడు. "తరువాత?"

"అంతే."

"బాగుందా?"

"ఇంకా తెలీదు నాన్నా."

అబద్ధం రాయమనలేదు కదా అనుకున్నాడు. పిల్ల చెప్పింది చెప్పినట్టే ఉంచి చుక్క పెట్టాడు. తరువాత చొక్కా చేతులు మడుచుకుని, "ఆ మెట్లమీద పాట ఇంకోసారి వాయించు. నేను కిందే నిలబడతాను, ఏమీ అనను," అన్నాడు. అన్నమాట నిలబెట్టుకున్నాడు కూడా, పాట మూడువంతులు అయ్యేదాకా.

మరుసటి ఆదివారం ఆయన్ని వెంట తీసుకెళ్ళాలా వద్దా అని శనివారం సాయంత్రం ఇంట్లో ముగ్గురూ చీటీలు వేశారు. రెండు "సరే"లూ ఒక "వద్దూ" వచ్చాయి. ఆ "వద్దు" ఎవరిదో తేల్చుకుందామని ఆయన మూడు చీటీలనూ దీపం కిందికి తీసుకెళ్ళాడు గాని, మూడూ ఎడమచేత్తో రాసి ఉన్నాయి.