జహాజు నిన్న పోయిందా, రేపా?

కూర్మారావు ఆ ఆదివారానికి పెట్టుకున్న పనులు రెండే. తొమ్మిదిన్నరకి టీవీలో సీరియల్ ఆఖరి భాగం చూడటం, అది అయ్యాక స్టేషన్ మాస్టర్ భూషణం గారికి భార్య తాతమ్మ చేతి చేపల పులుసు పెట్టి, క్లర్కు ప్రమోషన్ కాగితం మీద సంతకం చేయించుకోవడం. కాగితం సోమవారం బండిలో వెళ్లకపోతే మళ్లీ మూడేళ్లు ఆగాలి. పద్నాలుగేళ్లుగా కోసాపాల్ స్టేషన్లో పట్టాల మధ్య తిరుగుతూ బండ్లు దారి మళ్లే పాయింట్లు మారుస్తున్న మనిషికి అంత ఓపిక మిగల్లేదు. అతనికి మిగిలినా మోకాళ్లకి మిగల్లేదు.

కోసాపాల్ కిరండూల్ లైను మీద చిన్న స్టేషను. కొండ మీద తవ్విన ఇనుప రాయిని వ్యాగన్లకెత్తి విశాఖ రేవుకి పంపడం తప్ప దానికి వేరే పని లేదు. కాలనీలో ఉన్నవాళ్లంతా శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చినవాళ్లే. వాళ్లందరికీ కలిపి ఉన్నది ఒక్క టీవీ, అది కూర్మారావుది. హిందీ వచ్చిందీ అతనొక్కడికే అని కాలనీ నమ్మకం. టీవీ సంగతి పూర్తిగా నిజం, హిందీ సంగతి సగమే నిజం.

పదమూడు వారాలుగా ఆ అంతరిక్ష సీరియల్‌ని అతనే తెలుగులో చెబుతున్నాడు. తెలిసింది చెప్పాడు, తెలియంది కల్పించాడు. ఐదో వారంలో కెప్టెన్ కంగారుగా "ఊర్జా సమాప్త్!" అన్నాడు. శక్తి అయిపోయిందని దాని అర్థం. కూర్మారావు ఏమాత్రం తడుముకోకుండా "ఉల్లిపాయలు అయిపోనాయట" అన్నాడు. ఆకాశంలో కూర ఎలా వండుకుంటారో అని కాలనీ వారం రోజులు బెంగపెట్టుకుంది.

ఆఖరి భాగానికి గది నిండిపోయింది. కుర్చీలో భూషణం గారు కూర్చున్నారు. మధ్యాహ్నం దాకా బండి లేదు, స్టేషన్లో ఫోను దగ్గర అక్కడి ఊరివాడే అయిన పోర్టరు సోమారు ఉన్నాడు. చాప మీద తాతమ్మ, పక్కింటి రత్నం. రత్నం పాస్టరు గారిని బతిమాలి ప్రార్థన గంటసేపు వెనక్కి జరిపించి మరీ వచ్చింది. తెర మీద కెప్టెన్ తన నల్లటి అంతరిక్ష జహాజు ఎక్కాడు, తలుపు మూసుకుపోతుండగా వెనక్కి తిరిగి "మేరా ఘర్ కల్ మే హై" అన్నాడు. జహాజు మాయమైంది. సీరియల్ అయిపోయింది.

"ఏటన్నాడయ్యా?" అంది తాతమ్మ.

"నా ఇల్లు నిన్నట్లో ఉంది అన్నాడే. అంటే ఎనకటి కాలానికి ఎల్లిపోనాడు. పెళ్లాం దగ్గిరికి."

తాతమ్మ కళ్లొత్తుకుంది. "పోన్లే. పదమూడు వారాలబట్టి ఆ పిల్ల కిటికీ కాడే నిలబడుంది."

భూషణం గారు గొంతు సవరించుకున్నారు. "కూర్మారావూ, కల్ అంటే రేపు కదటయ్యా?"

వచ్చిన చిక్కల్లా ఇదే. హిందీలో నిన్నకీ రేపటికీ ఒకటే మాట. మామూలు రోజుల్లో దానివల్ల ఎవరికీ నష్టం లేదు. కాలంలో ముందుకీ వెనక్కీ తిరిగే జహాజు ఎక్కినవాడు ఆ మాట అని మాయమైపోతే మాత్రం కొంపలంటుకుంటాయి.

"నాలుగో వారంలో భూమి కాలిపోయింది కదా," అన్నారు భూషణం గారు. "కాలిపోయిన ఊరికి ఎందుకెళ్తాడు? కొత్త లోకానికి వెళ్లాడు. రేపటికి."

"కాలిపోకముందుకి ఎల్లాడు మాస్టారూ," అన్నాడు కూర్మారావు.

"జహాజు ముక్కు ఎడమకి తిరిగింది వదినా," అంది రత్నం తాతమ్మతో. "గడియారం ఎనక్కి తిప్పినా ఎడమకే గదా తిప్పుతాం. నిన్నే."

"నువ్వు టీవీకి ఎటు కూర్చున్నావో దాన్ని బట్టి ఉంటుందమ్మా అది!" అన్నారు భూషణం గారు, కోపంగా.

'రేపే మాస్టారూ' అని ఒక్క మాట అనేస్తే సంతకం అయిపోయేది. కూర్మారావుకి అది తెలియక కాదు. కానీ తాతమ్మ అతని ముఖంలోకి చూస్తోంది. ఆ చూపు ముందు కెప్టెన్ పెళ్లాన్ని కిటికీ దగ్గర అలాగే వదిలెయ్యడానికి అతనికి మనసు రాలేదు.

"నిన్నే మాస్టారూ."

"సరే," అని లేచారు భూషణం గారు. "బండ్లు నడిపించే కంట్రోల్ ఆఫీసులో ఇవాళ డ్యూటీలో ఉన్నది అలహాబాదాయన, హిందీ ఆయన సొంత భాష. అడిగించు. నిన్న అన్నాడా, ఇక్కడే సంతకం పెడతాను. రేపు అన్నాడా, హిందీ రాని మనిషిని క్లర్కు పనికి ఎలా సిఫార్సు చెయ్యమంటావు?"

కూర్మారావు కిటికీలోంచి స్టేషన్ గది వైపు కేకేశాడు. "సోమారూ! కంట్రోలోళ్లని అడుగు! జహాజు కల్ అంటే నిన్న ఎల్లిపోయినట్టా, రేపు ఎల్తాదనా అనీసి! మాస్టారు అడగమన్నారు!"

సోమారుకి హల్బీ, గోండీ, హిందీ, తెలుగు నాలుగూ వచ్చు. నాలుగింటిలోనూ తక్కువే మాట్లాడతాడు. అంత పొడుగు ప్రశ్నని కత్తిరించి, "జహాజ్ గయా, కి కల్ జాయేగా? మాస్టర్ సాబ్ పూఛ్ రహే హైఁ" అని ఫోన్లో పడేశాడు. జహాజు వెళ్లిపోయిందా, రేపు వెళుతుందా, మాస్టరు అడుగుతున్నారు అని.

ఆ లైను మీద పనిచేసేవాళ్లకి జహాజు అంటే ఒక్కటే. రేవులో నోరు తెరుచుకుని మన ఇనుప రాయి కోసం కాచుకుని ఉండే ఓడ. ఒక స్టేషన్ మాస్టర్ ఆదివారం పూట పనిగట్టుకుని అడిగించాడంటే ఏదో ఉందనుకుని కంట్రోల్ ఆయన రేవుకి ఫోన్ చేశాడు.

పావుగంటకి సోమారు గుమ్మంలోకి వచ్చాడు. "జహాజ్ రేపు పోతది. పక్కా."

భూషణం గారు విజయగర్వంతో మళ్లీ కూర్చున్నారు. కూర్మారావు ముఖం పాలిపోయింది. తాతమ్మ లోపలికెళ్లి చేపల పులుసు మీద మూత పెట్టేసింది.

"ఆయనకెలా తెలిసిందంట?" అంది రత్నం, ఓటమి ఒప్పుకోకుండా.

"ఊపర్ ఫోన్ చేసిండు."

"పైకి చేసీసినాడా!" రత్నం అప్రయత్నంగా ఆకాశం వైపు చూసింది.

"ఇంకో మాట బోలా," అన్నాడు సోమారు. అతనికి ఒక్కరోజులో ఇన్ని మాటలు ఎక్కువ. "యాభై ఐదు డబ్బాల మాల్ కావాలె. రాకుంటే జహాజ్ ఖాళీగ పోతది."

గదిలో మళ్లీ ప్రాణం లేచొచ్చింది.

"డబ్బాలేటి? తిండి డబ్బాలా?" అంది తాతమ్మ వంటింట్లోంచి.

"మరి ఉల్లిపాయలు అయిపోనాయి కదా వదినా!" అంది రత్నం.

"అదీ సంగతి!" కూర్మారావు ఒక్క గెంతు గెంతాడు. "కథ అవలేదు మాస్టారూ! మాలు ఎక్కించాక రెండో సీరియలుంది. అందులో ఇంటికెల్తాడు. మన పందెం తేలలేదు!"

గెలిచిన మనిషి కాబట్టి భూషణం గారికి ఉదారంగా నవ్వొచ్చింది. "అలాగే సోమారూ, యాభై ఐదూ ఇవాళే పంపిస్తామని చెప్పు. మాస్టరు మాటిచ్చాడని చెప్పు!"

అందరూ పగలబడి నవ్వారు. సోమారు నవ్వలేదు. మాస్టరు చెప్పమన్న మాటని వెళ్లి కంట్రోల్‌కి చెప్పాడు.

పన్నెండింటికి కొండ మలుపులో ఇంజను కూత వినబడింది. యాభై ఐదు ఖాళీ వ్యాగన్లు ఒకదాని వెనక ఒకటి కోసాపాల్లోకి వస్తూనే ఉన్నాయి. భూషణం గారు బనీనుతోనే కూర్మారావు గుమ్మంలోకి పరుగెత్తుకొచ్చి, వాటిని చూసి, టీవీని చూసి, మళ్లీ వాటిని చూశారు.

"కూర్మారావూ," అన్నారు చాలా మెల్లగా, "డబ్బాలంటే ఇవేనేమోనయ్యా."

ఆ తర్వాత కోసాపాల్లో ఎవరూ కూర్చోలేదు. లోడింగు మేస్త్రీ ఇర్మా సంతలో ఉన్నాడు. కబురందుకుని, అప్పుడే కొన్న కోడిపుంజుని చంకలో పెట్టుకుని మనుషులతో వచ్చేశాడు. దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక భూషణం గారి చేతుల్లో పెట్టి పనిలోకి దూకాడు. కూర్మారావు పాయింట్ల దగ్గర ఇటు పరుగు అటు పరుగు. రత్నం ప్రార్థనకి వచ్చిన వాళ్లందరినీ వెంటబెట్టుకొచ్చి మంచినీళ్లు అందించింది. చేపల పులుసు మాస్టారికి కాకుండా మేస్త్రీ మనుషులకి పోయింది. అయిదున్నరకి నిండు బండి కదిలింది. ఎర్రటి దుమ్ములో ఎవరు ఎవరో పోల్చుకోవడానికి లేకుండా ఉన్నారు.

అంతలో ఫోను మోగింది. పెద్దాఫీసరు. "జహాజు గురించి మొదట అడిగింది ఎవరు?"

భూషణం గారు కోడిపుంజుని ఒక చంకలోంచి ఇంకో చంకలోకి మార్చుకున్నారు. "నేను కాదు సార్. కూర్మారావని, పాయింట్స్‌మన్. ఆ విషయం నాకేమీ తెలీదు సార్. కావాలంటే రాసిస్తాను."

కూర్మారావు వింటూ నిలబడిపోయాడు. కంట్రోల్ ఫోను సీరియల్ కోసం వాడాడని తెలిస్తే ప్రమోషన్ మాట దేవుడెరుగు, ఉన్న ఉద్యోగమే ఉండదు.

"నువ్వు రేపు అనీసుంటే సరిపోయీది," అంది తాతమ్మ.

"నువ్వు ఏడుత్తావని అనలేదే."

తాతమ్మ ఏడవనే ఏడ్చింది. ఈసారి కెప్టెన్ కోసం కాదు.

ఫోన్లో పెద్దాఫీసరు ఇంకా మాట్లాడుతూనే ఉన్నాడు. ఓడ నిజానికి గురువారం వెళ్లాల్సింది. తేదీ సోమవారానికి ముందుకి జరిగిన కబురు ఎవరి సొరుగులోనో చిక్కుకుపోయి లైను మీద ఒక్కరికీ అందలేదు. కోసాపాల్ నుంచి ఎవరో అడగబట్టి తెలిసింది. లేకపోతే ఓడ సగం ఖాళీగా పోయేది, తన కుర్చీ పూర్తిగా ఖాళీ అయ్యేది.

భూషణం గారి ముఖం ఒక్కసారిగా వెలిగింది. "సార్, అసలు ఆ ఆలోచన ముందుగా..."

"మీకేమీ తెలీదని ఇప్పుడేగా చెప్పారు? ఆ మనిషికి ఫోనివ్వండి."

కూర్మారావు రెండు చేతులతో రిసీవరు పట్టుకున్నాడు. ఓడ రేపు వెళుతుందని నీకెలా తెలిసిందని ఆఫీసరు హిందీలో అడిగాడు. కల్పించడానికి ఓపిక లేక కూర్మారావు నిజమే చెప్పాడు.

"టీవీ మే దేఖా, సాబ్."

టీవీలో చూశానని. ఆఫీసరు ఫోను మళ్లీ మాస్టరుకి ఇప్పించాడు. "భూషణం గారూ, మీ స్టేషన్లో పాయింట్స్‌మన్ కూడా రేవు వార్తలు చూస్తాడు. మీరేం చూస్తారు? ఇతన్ని ప్రమోషన్‌కి సిఫార్సు చేస్తూ కాగితం ఇప్పుడే నింపండి. హిందీ గురించి ప్రత్యేకంగా రాయండి."

ఇంకా చంకలో ఉన్న కోడిపుంజుని ఇర్మాకి అప్పగించి, భూషణం గారు బల్ల ముందు కూర్చున్నారు. కూర్మారావు హిందీ పాండిత్యం అసాధారణమని స్వయంగా హిందీలోనే నాలుగు వరుసలు రాసి, కింద సంతకం చేశారు. ఆ నాలుగు వరుసల్లో తొమ్మిది తప్పులున్నాయి గాని, వాటిని చదివి పట్టుకోగలిగిన మనిషి కోసాపాల్లో ఒక్కరూ లేరు.