గట్టు మామిడి మీద ఏరియల్

"పుష్పా, నీ అదృష్టం ఏంటో నీకు తెలీదు. నేరాన్ని వాసన పట్టే ముక్కు కృష్ణా జిల్లా మొత్తానికి ఒక్కటే ఉంది. అది రోజూ నీ ఎదురుగా కూర్చుని పప్పన్నం తింటోంది."

లక్ష్మీనరసింహారావు ఇలా ప్రకటిస్తున్న సమయానికి పుష్పవతి రేడియోకి చెవి ఆనించి ఉంది. ఒంటిగంటకు విజయవాడ కేంద్రం నుంచి ఆమె చెల్లెలు కల్యాణి మొదటిసారి పాడబోతోంది. రేడియో మాత్రం వారంగా మాట మాటకీ కుయ్యిమని ఈల వేస్తోంది.

"పొడుగు ఈల ఒకటి, పొట్టివి రెండు," అంటూ ఆయన నోటుపుస్తకంలో గీసుకున్నాడు. "శత్రు గూఢచారి మన మామిడితోటల లెక్క పంపుతున్నాడు."

"మన రసాల లెక్క వాళ్ళకెందుకండీ?"

"అదే ఇందులో భయంకర రహస్యం."

"రహస్యం తర్వాత తేల్చుకుందురుగాని, ముందు ఆ కూత ఆపించండి. ఇంకో పావుగంటే ఉంది. పాట వినలేదంటే దానికి నా మొహం ఎలా చూపించను?"

ఆయన తలగుడ్డ చుట్టి, నల్లకళ్ళజోడు పెట్టి, కాయలు కోసే చిక్కం భుజాన వేసుకుని మారువేషంలో బయల్దేరాడు. పక్కింటి బసవపున్నారావు తోటకీ తమ తోటకీ మధ్య గట్టు మీదున్న మామిడిచెట్టు ఎక్కడం పుష్పవతికి కిటికీలోంచి కనిపించింది. తమ రేడియో ఏరియల్ తీగ కట్టింది ఆ చెట్టుకే.

"అయ్యగారూ, ఆ కొమ్మ కాయలు నిన్ననే కోసేశామండి," అన్నాడు కింద గడ్డి పరుస్తున్న పాలేరు పెద్దిరాజు.

"నేను అయ్యగార్ని కాదు. కొత్త కూలీని."

"అలాగేనండి అయ్యగారూ."

ఒంటిగంటయింది. కల్యాణి పేరు చదువుతుండగానే ఈల లేచింది. పుష్పవతికి ఏడుపొచ్చింది. అదే క్షణాన చెట్టు మీద డిటెక్టివు ఎర్రచీమల గూట్లో చెయ్యి పెట్టాడు. చిక్కం ఏదో తీగకు చుట్టుకుంది. తీగతో సహా ఆయన గడ్డి మీద పడ్డాడు.

ఈల ఆగిపోయింది. కల్యాణి గొంతు గదంతా నిండింది.

రెండో చరణంలో బసవపున్నారావు వచ్చాడు. "చెల్లెమ్మా, మా రేడియో మూగబోయింది."

పుష్పవతి తన గొంతు తగ్గించి అడిగింది. "మీ ఏరియల్ ఎక్కడ కట్టారన్నయ్యగారూ?"

"మీ తీగకే కలిపాను. గట్టు చెట్టు కదా, కాయల్లో సగం మాదేగా. తీగలోనూ సగం ఉంటుందనుకున్నా."

"ఎప్పుడు కలిపారు?"

"వారమైంది."

"అయితే మీరు ముల్లు తిప్పినప్పుడల్లా మాకు ఈలన్నమాట. సరే, కూర్చోండి. ఇక్కడే వినండి, మా చెల్లి పాడుతోంది."

పాట ముగిసింది. పుష్పవతి కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. లక్ష్మీనరసింహారావు కుంటుకుంటూ లోపలికొచ్చి, తెగిన బసవపున్నారావు తీగ పైకెత్తి చూపించాడు.

"ఏడవకు పుష్పా. ముఠా గుట్టు రట్టయింది. ఇక దేశానికి భయం లేదు."

ఆయన మెడ మీది చీమను ఆమె మెల్లగా దులిపింది.

"దేశం సంగతి సరేనండి, ఒక్క క్షణం ఊరుకోండి. చెల్లి పేరు మళ్ళీ చదువుతున్నారు."