యాభై మంది శత్రువులు

మా ఆల్టెన్‌రోడ్ సంస్థానానికీ అమెరికాకీ ఏ తగాదా లేదు. అదెక్కడుందో మాకు తెలియదు. మేమున్నామని దానికి తెలియదు. అయినా ఇంగ్లాండు రాజుగారి మీద తిరగబడ్డ అక్కడివాళ్ళని దండించడం మన పవిత్ర కర్తవ్యమని యుద్ధమంత్రి ఫాన్ ట్రోష్కేగారు చర్చి మెట్ల మీద నిలబడి ప్రకటించారు. ఇష్టమున్నవాళ్ళు స్వచ్ఛందంగా రావచ్చన్నారు. ఇష్టంలేనివాళ్ళని స్వచ్ఛందంగా లాక్కురావడానికి సిపాయిలను పంపారు. ఆయన ఏ పనీ సగంలో వదిలే మనిషి కాదు.

చెప్పులు కుట్టే వెల్టెన్‌ని అలాగే లాక్కెళ్ళారు.

"మా ఆయన కోడిని కొయ్యమంటేనే కళ్ళు మూసుకుంటాడండీ!" అని అతని భార్య ఒట్టీలియా మొత్తుకుంది.

"మరీ మంచిది. శత్రువు కనపడడు, భయమూ ఉండదు" అన్నారు మంత్రిగారు.

ఇంగ్లాండుతో మా స్నేహం ఎంత గట్టిదంటే, ఒక్కో పటాలం కదిలినప్పుడల్లా వాళ్ళు పంపే సొమ్ముతో ప్రభువుగారి కోటలో ఒక్కో కొత్త మేడ లేచేది.

ఏడాదిన్నరకి వెల్టెన్ దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. జనంలో ఉత్సాహం చల్లారిందని, దాన్ని సంతలో అందరి ముందూ చదవమని మంత్రిగారు బడిపంతులునైన నన్ను ఆజ్ఞాపించారు. లక్క ముద్ర విప్పి, ముందు కళ్ళతో చదువుకున్నాను.

"ఒసే ఒట్టీలియా, నేను పటాలంలోంచి పారిపోయాను. పారిపోయి వచ్చినవాళ్ళకి ఇక్కడ మనిషికి యాభై ఎకరాలిస్తున్నారు. ఎవడికీ వంగి దణ్ణం పెట్టక్కర్లేదు. ఎలాగైనా వచ్చెయ్యి."

పారిపోయినవాడి పెళ్ళాన్ని జైల్లో వెయ్యాలని మాకో చట్టముంది. ఆ చట్టం రాసిన మంత్రిగారు నా పక్కనే నిలబడి ఉన్నారు. అందుకని పైకి ఇలా చదివాను:

"ఒసే ఒట్టీలియా, నేను ముందుకు దూసుకుపోయాను. ఇక్కడ మనిషికి యాభై మంది శత్రువులు దొరుకుతున్నారు."

మంత్రిగారు చప్పట్లు కొట్టారు. ఊరంతా కొట్టింది. ఒట్టీలియా కొట్టలేదు. సంత ముగిశాక తిన్నగా మా ఇంటికొచ్చింది.

"మేష్టారూ, మా ఆయన దూసుకుపోయే రకం కాదు. ఉన్నదున్నట్టు చెప్పండి."

చెప్పాను. మొహం చేతుల్లో దాచుకుని చాలాసేపు ఏడ్చింది. తరవాత, ఎకరమంటే ఎంతుంటుందని అడిగింది.

మర్నాడు పటాలంలో బట్టలుతికే పనికి పేరు రాయించుకుంది. ఆ మర్నాడు ఇంకో పదిమంది ఆడవాళ్ళు రాయించుకున్నారు. వారం తిరిగేసరికి మగాళ్ళూ ఎగబడ్డారు. కుంటి వడ్రంగి తన కాలు బాగానే ఉందని డాక్టరు ముందు గెంతి చూపించి పడ్డాడు. పిండిమర ముసలాయన తనకి ముప్ఫయ్యేళ్ళేనని మనవణ్ణి సాక్ష్యం తెచ్చాడు.

"చూశారా మేష్టారూ, నా ఉపన్యాసం పవరు!" అన్నారు మంత్రిగారు.

"చూస్తున్నానండి."

ప్రభువుగారు ఆయనకి స్వయంగా పతకం తగిలించారు. వడ్డించడానికి మనిషి లేక విందు మాత్రం వాయిదా పడింది.

ప్రయాణంనాడు బాండు మోగింది. వాయించేవాళ్ళు కూడా బళ్ళెక్కే వాయించారు. పిల్లలే లేని బడిలో నాకేం పని? నేనూ మూట సర్దుకుని ఆఖరి బండెక్కబోతున్నాను. మంత్రిగారు నన్ను పక్కకి పిలిచారు. అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించారు.

"మేష్టారూ, ఆ యాభై మంది శత్రువులున్నారే..."

"చిత్తం."

"మాగాణా, మెట్టా?"