అక్కయ్య కోసం దాచిన నారబట్ట

సూనియా ఆ ఉదయం వేసుకున్న పథకంలో మాట్లాడే పని ఎక్కడా లేదు. ఏడింటికి నారబట్ట చుట్టను బండికెత్తాలి. తొమ్మిదింటికి తమ దీవి రాజధాని నుకుఅలోఫాలో కూతురి కాలేజీ దగ్గర దించాలి. పది నిమిషాలు చూపించి, మళ్ళీ చుట్టి, పదకొండుకల్లా తన ఊరు కొలోంగా వచ్చి పెండలం నాటుకోవాలి. అంతే.

కూతురు లవీనియా నర్సు చదువుతోంది. సూదులు, కట్లు, మందుల పేర్లు అన్నీ వచ్చు. కళను చూడడం నేర్పే పాఠం ఒక్కటే ఆమెను పట్టుకుని వదలడం లేదు. ఏ చదువు చదివేవాళ్ళైనా అది గట్టెక్కాల్సిందేనని కాలేజీ నియమం. పోయిన ఏడు ఒక బొమ్మ చూపించారు. పళ్ళెంలో ఆపిల్ పళ్ళు. ఏం కనపడిందో రాయమంటే, "పళ్ళు ఇంకా పండలేదు, కొన్నవాళ్ళు మోసపోయారు" అని రాసి తప్పింది. ఈసారి కూడా తప్పితే ఆసుపత్రిలో ఆమె కోసం ఉంచిన ఉద్యోగం ఇంకొకరికి పోతుంది.

"సూదిమందు వేసే పిల్లకి బొమ్మలతో ఏం పని?" అని సూనియా ఒకసారి ఆ పాఠం చెప్పే మాస్టారు సిటలేకిని అడిగాడు. ఆ ఏడాదిలో అతను మాట్లాడిన పెద్ద వాక్యం అదే.

"రోగి మొహం చూడాలన్నా ముందు చూడడం రావాలి కదా మావయ్యా" అన్నాడు సిటలేకి. ఈసారి బొమ్మలు పెట్టలేదు. ఇంటి నుంచి ఒక కళావస్తువు తెచ్చి, ఎవరు చేశారో, ఎలా చేశారో, దేనికి చేశారో చెప్పమన్నాడు.

ఇంట్లో అలాంటిది ఒక్కటే ఉంది. డెబ్బై అయిదు అడుగుల నారబట్ట. సూనియా భార్య కలొలైనె, ఇంకో పదకొండు మంది ఆడవాళ్ళు రెండేళ్ళు మల్బరీ బెరడు దంచి చేసిన బట్ట.

"దీన్ని దేనికి దాచామో గుర్తుందా?" అంది కలొలైనె.

సూనియా కనుబొమ్మలు ఎత్తాడు. ఆ దీవుల్లో అది అవునన్నట్టు.

"గుర్తుండే తీస్తున్నావా? వదినకి తెలిస్తే?"

వదిన అంటే పాపిలోవా, సూనియా పెద్దక్క. డెబ్బై ఎనిమిదేళ్ళు. అక్కడి ఇళ్ళలో అక్కదే పైమాట. తమ్ముడి ఇంట్లో ఏది కంటికి నచ్చినా అడగకుండా పట్టుకుపోయే హక్కు ఆమెది. ఈ బట్ట ఆమె పోయిన రోజున పరవడానికి దాచింది. ఆ సంగతి ఊళ్ళో ఆడవాళ్ళందరికీ తెలుసు. పాపిలోవాకి మాత్రం ఎవరూ చెప్పలేదు. ఎలా చెబుతారు?

"సాయంత్రానికి మంచం కిందే ఉంటుంది" అన్నాడు సూనియా.

చిక్కు చాప దగ్గర మొదలైంది. అక్కడ నలుగురిలోకి వెళ్ళేటప్పుడు నడుముకు చాప చుట్టుకోకపోతే ఒంటిమీద బట్ట లేనట్టే లెక్క. సూనియా మంచి చాపను పాస్టరు గారి అల్లుడు పెళ్ళికని పట్టుకెళ్ళి ఇంకా తిరిగివ్వలేదు. ఇంట్లో మిగిలింది అంచులు పీలికలైన పాత చాప. సూనియా దాన్నే చుట్టుకున్నాడు. చొక్కా నల్లది, ఇస్త్రీ చేసి ఉన్నది అదొక్కటే కాబట్టి.

నల్లచొక్కా, చినిగిన పాత చాప, బండి వెనక నారబట్ట చుట్ట, పక్కన పరీక్ష భయంతో మొహం వేలాడేసిన కూతురు. కొలోంగా మొత్తం చూసింది. నల్లబట్ట వేసి చినిగిన చాప కట్టే మనిషి తనకన్నా పైమెట్టు మనిషి పోతేనే కడతాడు. సూనియాకి పైమెట్టు ఎవరు? ఇంకెవరు, అక్కే. పైగా ఆ బట్ట అక్క కోసం దాచిందే. ఇలాంటప్పుడు ఎవరు పోయారని అడగడం మోటు. మర్యాదస్తులు మాట్లాడకుండా ఇంట్లోకి వెళ్ళి తమ చాపలు తెచ్చుకుంటారు.

పుచ్చకాయలమ్మే మొసేసె ఒక్కడే రోడ్డు పక్క నుంచి పలకరించాడు. "వెళ్తున్నావా అన్నా?"

సూనియా కనుబొమ్మలు ఎత్తాడు. మొసేసె టోపీ తీసి గుండెకి ఆనించుకున్నాడు.

బట్ట నలుగుతుందని సూనియా మెల్లగా నడిపాడు. వెనక బళ్ళు చేరాయి. ఒక్కటీ దాటి పోవడం లేదు. అక్క ఉండే మువా ఊరు చేరేసరికి పద్నాలుగు బళ్ళు, పట్టపగలు దీపాలు వేసుకుని వస్తున్నాయి. "ఈ రోజుల్లో జనానికి కాస్త ఓపిక వచ్చింది" అనుకున్నాడు. అక్క ఇంటి ముందు మాత్రం తల వంచుకుని, కొంచెం వేగం పెంచాడు.

కాలేజీలో గది పొడవు ఇరవై అడుగులు. లవీనియా చుట్టను ఒక మూల నుంచి విప్పింది. నాలుగు గళ్ళు కనపడ్డాయి, అవతల గోడ తగిలింది.

"మిగతాది?" అన్నాడు సిటలేకి.

"ఇలాగే ఉంటుందండీ. ఇంకా పొడుగ్గా."

"చూపించనిదానికి మార్కులు ఎలా వేయను లవీనియా? ఆపిల్ పళ్ళ దగ్గరా ఇదే గొడవ."

అప్పుడే బయట ఏడుపు లేచింది. ఒకరిద్దరిది కాదు. కిటికీలోంచి చూస్తే కాలేజీ మైదానం నిండా నల్లబట్టలు. బళ్ళలోంచి చేమదుంపల బుట్టలు, కాళ్ళు కట్టిన పందులు దిగుతున్నాయి. ఒక పంది కట్లు తెంపుకుని ప్రిన్సిపాలు గారి గదివైపు పోయింది.

"ఇది కూడా నీ ప్రదర్శనలో భాగమేనా?" అన్నాడు సిటలేకి. గొంతులో కొంచెం గౌరవం వచ్చింది.

మొసేసె పరుగున వచ్చి సూనియాని కావిలించుకున్నాడు. "అంత గట్టి మనిషి! నిన్నగాక మొన్న నా పుచ్చకాయ పుల్లగా ఉందని తిట్టింది!"

సూనియాకి అప్పటికి అర్థమైంది. నోరు తెరిచాడు. "అక్కయ్య చావలేదు."

"అవునన్నా, అలాంటివాళ్ళకి చావేమిటి" అని మొసేసె ఇంకా గట్టిగా ఏడ్చాడు.

జనం వెనక కలొలైనె కనపడింది. బట్ట ఎందుకు వెళ్తోందో తెల్లవారుజాము నుంచీ తెలిసిన మనిషి. ఆమె కూడా ఏడుస్తోంది. "ఇంతమంది ఏడుస్తుంటే నిజమేనేమో అనిపించింది" అంది ముక్కు తుడుచుకుంటూ.

ఈలోగా ఆడవాళ్ళు తమ పని మొదలుపెట్టారు. చుట్టను గదిలోంచి మైదానంలోకి మోసుకొచ్చి, అంచులు పట్టుకుని వెనక్కి నడిచారు. నడిచేకొద్దీ బట్ట వస్తూనే ఉంది. మధ్యలో గీసిన పైన్ చెట్ల బాట. ఇరుపక్కలా జంటపక్షులు. మసి నలుపు ఒక అంచున చిక్కగా, ఇంకో అంచున పొగలా. రంగుకని పూసిన కోకా చెట్టు బెరడు రసం ఎండలో తడి మట్టి రంగుకి తిరిగింది. పన్నెండు మంది చేతులు దంచినా ఎక్కడా ఒక చెయ్యి ఆగి ఇంకో చెయ్యి మొదలైన జాడ లేదు. ఏడుపులు వాటంతట అవే తగ్గాయి. సిటలేకి మార్కుల కాగితం చంకలో పెట్టుకుని మర్చిపోయాడు. దాన్ని దంచుతున్న చప్పుడు రెండేళ్ళు విన్న సూనియా, విప్పి పరిచాక చూడడం ఇదే మొదలు. నోరు మళ్ళీ మూతపడింది. ఈసారి కారణం వేరు.

అటువంటి నిశ్శబ్దంలోకి కూరగాయల లారీ ఒకటి వచ్చి ఆగింది. ముందు సీట్లోంచి కర్ర దిగింది. కర్ర వెనక పాపిలోవా దిగింది.

"నా చావుకి నన్ను పిలవకపోవడం ఏం మర్యాదరా?" అంది. "నా ఇంటికొచ్చి నా ముందే నన్ను తలుచుకుని ఏడ్చిపోయారు, ముగ్గురు. ఎవరు పోయారే అంటే నువ్వేనన్నారు!"

సూనియా నేల చూశాడు. "అక్కయ్యా, మీరు..." అన్నాడు.

సిటలేకికి ఈ గొడవలేవీ తెలియవు. మాస్టారు మాస్టారే. కాగితం బయటికి తీశాడు. "లవీనియా, ఎవరు చేశారో, ఎలా చేశారో చెప్పు."

లవీనియా చెప్పింది. బెరడు నానబెట్టడం, దంచడం, ఉడికీ ఉడకని దుంపతో అతుకు వేయడం. పన్నెండు మంది పేర్లూ చెప్పింది. ఆమె అంత బాగా మాట్లాడగలదని ఇంట్లో ఎవరికీ తెలియదు.

"చాలా బాగుంది. ఇక చివరిది. దీనికే ముప్పై మార్కులు. దేనికి చేశారు?"

లవీనియా అత్త వైపు చూసింది. నాన్న వైపు చూసింది. పుచ్చకాయల మొసేసె కూడా ఒక అడుగు ముందుకు జరిగాడు. అబద్ధం చెబితే ముప్పై పోతాయి, ఉద్యోగం పోతుంది. నిజం చెబితే ఏం పోతుందో తెలియదు.

"చెప్పవే. పరీక్ష కదా" అంది పాపిలోవా.

"మీరు... మీరు పోయిన రోజున పరవడానికి అత్తా."

పాపిలోవా చెప్పులు విడిచి బట్ట మీద అడుగుపెట్టింది. కర్ర తమ్ముడి చేతికిచ్చింది. ఈ చివరి నుంచి ఆ చివరికి మెల్లగా నడిచింది. మధ్యలో రెండుసార్లు వంగి పక్షుల రెక్కలు తడిమింది. "ఇవి మా అమ్మ వేసే పక్షులు" అని తనలో అనుకుంది. అవతలి అంచున నిలబడి వెనక్కి తిరిగి, మొత్తం ఒక్కసారిగా చూసింది. చాలాసేపు చూసింది.

"ఇంత బాగా చేసి, నాకు కళ్ళు మూతపడ్డాక చూపిద్దామనుకున్నారా?" అంది. లారీ వైపు చెయ్యి చూపింది. "చుట్టండి. లారీలో వేయండి. మా ఇంటికి."

"వదినా, మరి ఆ రోజుకి..." అంది కలొలైనె.

"ఆ రోజుకి ఇంకోటి చేసుకోండి. నేనేమీ తొందరపడటం లేదు." పందుల వైపు చూసింది. "తెచ్చినవి వెనక్కి పట్టుకుపోతే బాగుండదు. వంటకి గొయ్యి తవ్వి రాళ్ళు కాల్చండి. నా చావు భోజనం నేను కూడా తింటాను."

సాయంత్రం దాకా తిన్నారు. సిటలేకి తొంభై మార్కులు వేశాడు. పది నిమిషాల ప్రదర్శన ఏడు గంటలు పట్టినందుకు పది తీసేశాడు. లవీనియాకి ఉద్యోగం వచ్చింది. సూనియా పెండలం మాత్రం ఆ వారం నాటలేదు.

సోమవారం పొద్దున కొలోంగాలో మళ్ళీ బెరడు దంచుతున్న చప్పుడు మొదలైంది. మధ్యాహ్నానికి మువా నుంచి పాపిలోవా కబురు పంపింది: ఈసారి పక్షుల్ని కాస్త పెద్దవిగా వేయమని.