ఎలాస్టిక్ పంచె

ఆ శనివారానికి అరుంధతి వేసుకున్న పథకం చాలా చిన్నది. తొమ్మిదింటికి స్కూల్లో పిల్లల కార్యక్రమం, పన్నెండుకల్లా ఇల్లు, ఆ తర్వాత భర్త సాయి కిరణ్‌తో కలిసి జనక్‌పురిలో అతని ఆఫీసు స్నేహితుడి గృహప్రవేశం. పెళ్లయి మూడు నెలలే. ఇద్దరూ పెళ్లిబట్టల్లో వెళ్లాలని ఆమె ముచ్చట.

వైశాలిలో వాళ్ల ఫ్లాట్లకి రెండు వీధుల అవతల ఉన్న ఆ స్కూల్లో ఆమె ఒకటో తరగతికి తాత్కాలిక టీచరు. తాత్కాలికుల పేర్లు రిజిస్టరులో పెన్సిల్‌తో రాస్తారు. కార్యక్రమం బాగా జరిగితే ఇంకుతో రాయిస్తానని ప్రిన్సిపాల్ ఖురానా మేడమ్ మాటిచ్చింది. అంశం: మన దేశంలో రకరకాల జనం, నాడూ నేడూ. పటం మీద కర్ర పెట్టి చూపిస్తే ఆరేళ్లవాళ్లకి ఏం తెలుస్తుందని అరుంధతి చీటీలు తీయించింది. చీటీలో ఎవరిల్లు వస్తే వాళ్లింటికి వెళ్లి, కబుర్లు అడిగి, వాళ్ల బట్టల్లో రావాలి.

కింది ఫ్లాటు జస్‌దీప్‌కి మిస్సుగారి ఇల్లే వచ్చింది.

"అరూ, నా పెళ్లి పంచె కనపడట్లేదేంటి?" అన్నాడు సాయి కిరణ్, బీరువాలో తల దూర్చి.

"కింద హర్జీత్ ఆంటీకి ఇచ్చానండీ, జస్‌దీప్ కోసం. పన్నెండుకి తెచ్చేస్తాగా."

"ఎనిమిది మూరల పంచె ఆ బుడ్డోడికా?"

"మడతలు ఎక్కువ పెడతార్లెండి."

స్కూల్లో జస్‌దీప్‌ని చూసి ఆమె మురిసిపోయింది. తలకి చుట్టిన చిన్న పట్కా గుడ్డ, కింద జరీ అంచు పంచె. ఒక్క మడత ఎక్కువ లేదు. అదే అనుమానం తెప్పించింది. వాణ్ని వెనక్కి తిప్పి చూస్తే నడుముకి ఎలాస్టిక్ ఉంది.

"మమ్మీ కత్తిరించి కుట్టేసింది మిస్. నడిస్తే ఊడిపోతోందని. బాగుంది కదా?"

"చాలా బాగుంది నాన్నా," అంది అరుంధతి నీరసంగా. సరిగ్గా అప్పుడే ఖురానా మేడమ్ వచ్చింది.

బెంగాలీ మౌలి సల్వారులో ఉంది. గఢ్‌వాలీ పిల్ల కంజీవరం పరికిణీలో ఉంది. మేడమ్ కళ్లద్దాలు సవరించుకుంది.

"ఇదేంటి అరుంధతీ, ధోబీ మూటలు మార్చి ఇచ్చాడా?" అని, జస్‌దీప్‌ని పిలిచింది. "ఈ పంచె కట్టేవాళ్లు ఎక్కడుంటారు బేటా?"

"మూడో అంతస్తులో."

పెన్సిల్ పేరు మీద రబ్బరు కదులుతున్నట్టే అనిపించింది అరుంధతికి.

"అంతకు ముందు?"

"రాజమండ్రిలో. అక్కడి నది మన యమున కంటే పెద్దది. వచ్చిన కొత్తలో దీదీ ఎస్టీడీ బూత్‌లో ఏడ్చింది. మమ్మీ పరాఠాలు ఇస్తే ఊరుకుంది."

తరగతంతా మిస్సు వంక జాలిగా చూసింది. మేడమ్ మౌలి వైపు తిరిగింది. "నీ బట్టలవాళ్లో?"

"కింది ఫ్లాటులో. జస్‌దీప్ వాళ్ల నానమ్మ, దాదీ, చిన్నప్పుడు ముల్తాన్‌లో ఉండేది. దేశం రెండు ముక్కలైనప్పుడు రైల్లో వచ్చేశారు. అప్పుడు పక్కింటివాళ్లు వీళ్ల గేదెను చూసుకుంటామన్నారు. పాపం, ఇప్పటికీ దాదీ ఆ గేదె గురించే అడుగుతుంది."

ఎవరూ నవ్వలేదు. మేడమ్ కళ్లద్దాలు తీసి తుడుచుకుంది.

"మాదీ ముల్తానే," అంది మెల్లగా. "నాకప్పుడు సరిగ్గా మీ వయసు. ఆ దాదీ సాయంత్రం ఇంట్లో ఉంటుందా బేటా?" తర్వాత అరుంధతి చేతిలోంచి రిజిస్టరు తీసుకుని, పెన్సిల్ గీతల మీదే తన పెన్నుతో పేరు దిద్దింది.

పేరైతే నిలిచింది, పంచె మాటేమిటి? అరుంధతి మెట్లెక్కుతూ సంజాయిషీ కూడబలుక్కుంది. తలుపు తీస్తే గదిలో హల్వా వాసన. సాయి కిరణ్ హర్జీత్ ఆంటీవాళ్ల ఆయన కుర్తా పైజామాలో ఉన్నాడు. అందులో ఇంకో మనిషికి చోటుంది.

"ఆంటీ వచ్చి అంతా చెప్పిందిలే," అన్నాడు చెంచా నాకుతూ. "పొరపాటైందని ఏడవబోయింది. నేనే ఊరుకోబెట్టాను. నువ్వు బూత్‌లో ఏడ్చినప్పుడు ఆవిడ లేకపోతే మనం ఏమైపోయేవాళ్లం?"

అరుంధతి పెళ్లి పట్టుచీర కట్టుకుని, ఆ గుడారంలాంటి కుర్తా చేయి పట్టుకుని జనక్‌పురి బస్సెక్కింది. ఈ ఊరు పరాయిదని ఆ రోజు ఒక్కసారి కూడా అనిపించలేదు.

తిరిగొచ్చేసరికి గడప ముందు చిన్న పొట్లం ఉంది. పంచెలో మిగిలిన ముక్కని ఏడాది పిల్లాడి కొలతకి కుట్టి, ఎలాస్టిక్ వేసి, తొందరేం లేదని చీటీ పెట్టింది హర్జీత్ ఆంటీ.