పైసలు ముట్టిన దావతు

ఆ పొద్దున లింగమూర్తి పెట్టుకున్నది చిన్న పనే. రిజిస్ట్రేషన్ ఆఫీసుకు పోయి, తన ఇంటిని కొడుకు ఓంప్రకాశ్‌కు అమ్మినట్టు సంతకం పెట్టి, మధ్యాహ్నానికల్లా తిరిగొచ్చి సాంచెలు నడుపుకోవాలి. సిరిసిల్లలో మరమగ్గాన్ని సాంచె అంటారు. ముందుగదిలోని ఆ రెండు సాంచెలూ, పక్కన తన మంచమూ కదలకుండా ఉంటే చాలు, కాగితం మీద ఎవరి పేరుంటేనేం?

"ఉత్త కాగితాల మీదనే బాపూ. నేను ఇల్లు కొంటున్ననని బ్యాంకోళ్ళు నీ ఖాతల లోను పైసలేస్తరు, నువ్వు నాకియ్యి. కరీంనగర్‌ల చీరెల షోరూం పెడ్త. ఇల్లు నీదే" అన్నాడు ఓంప్రకాశ్.

"గా పైసలు జర చేతుల పెట్టుకోరాదు?" అంది కనకవ్వ.

"కన్నకొడుకును నమ్మకుంటె ఎట్లనే?" అని భార్యను కసిరి లింగమూర్తి బయల్దేరాడు.

లోను డబ్బు తండ్రి ఖాతాలో పడ్డ రోజే కొడుకు ఖాతాకు వెళ్ళిపోయింది. అంతటితో ఊరుకుంటే ఆయన లింగమూర్తి ఎందుకవుతాడు? ప్రాణమంతా ఇజ్జత్‌లోనే ఉన్న మనిషి. కొడుకు ఇల్లు గుంజుకున్నాడని నలుగురూ నవ్వుతారేమోనని, మాంసం కొట్టు ముష్తాక్ దగ్గర యాటను, అదే మేకపోతును, అరువు తెచ్చి కులపోళ్ళందరికీ దావతు ఇచ్చాడు.

"పైసలు ముట్టినయా లింగన్నా?" అని కులపెద్ద అంతయ్య ముక్క నములుతూ అడిగాడు.

"పైసా బాకీ లేకుంట ముట్టినయ్! నా కొడుకు కొన్నడు, గుంజుకోలే."

ఓంప్రకాశ్ తలవంచుకుని బొక్క చీకుతున్నాడు.

ఆ మాట ఊరంతా తిరిగింది. లక్షలు తెచ్చుకున్నవాడికి సర్కారు పింఛనెందుకని ఎవరో అర్జీ పెడితే, ముందు అది ఆగింది. తర్వాత ఆదాయపన్ను నోటీసు వచ్చింది. లింగమూర్తి దాన్ని పట్టుకుని ఆడిటర్ సిద్దిరాములు దగ్గరికి పరుగెత్తాడు.

"ఎప్పుడో కట్టిన ఇల్లు గద. అమ్మితే వచ్చిన లాభం మీద పన్ను కట్టాలె."

"లాభమెక్కడిది సారూ? ఉత్తుత్తిగ అమ్మిన!"

"మెల్లగ! ఉత్తుత్తిగ అమ్మి లోను లేపితే మోసం కిందికొస్తది. కేసైతది."

"మరేం జెయ్యాలె?"

"నిజంగనే అమ్మిన్నని పన్ను కట్టు. జైలు కన్న నయం."

కనకవ్వ పుస్తెలతాడు తాకట్టుకు పోయింది. కంటికి కనబడని లాభానికి లింగమూర్తి పన్ను కట్టాడు.

షోరూం ఏడాది కూడా నిలవలేదు. కిస్తీలు ఆగాయి. బ్యాంకువాళ్ళు గోడకు వేలం కాగితం అంటించి, సాంచెలు తీసేయమన్నారు. లింగమూర్తి కొడుకును వెంటబెట్టుకుని అంతయ్య ముందు కూలబడ్డాడు.

"అన్నా, గా పైసలు నాకు మిగల్లే. నువ్వన్న జర బ్యాంకోళ్ళకు చెప్పు."

"గట్లంటవేంది? యాటను కోసి మరీ చెప్తివి గదనే! మంచిగ అమ్ముకుని నువ్వు బయటపడ్డవ్, పాపం పోరడు మునిగిండు. కన్నకొడుకని సుత జూడకపోతివి!"

"చెప్పురా ఓం! పైసలన్ని నీకే ఇచ్చిన గదరా!"

ఓంప్రకాశ్ నేల చూపులు చూశాడు. "నలుగుర్ల నువ్వే చెప్తివి గద బాపూ..."

లింగమూర్తికి ఏడుపొచ్చింది. కొడుకును ఎవరూ దొంగ అనకూడదని యాటను కోసినవాడు తానే దొంగై కూర్చున్నాడు.

మర్నాడు సాంచెలు తుక్కు కింద పోయాయి. అవి ఇంకా బండికి ఎక్కుతుండగానే ముష్తాక్, ఇన్నాళ్ళూ ముట్టని యాట పైసలు ఆ తుక్కు డబ్బుల్లోంచైనా రాబట్టుకుందామని వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. లింగమూర్తి చేతిలో చిల్లిగవ్వ లేదని ఊరు మొత్తమ్మీద నమ్మినవాడు అతనొక్కడే.